గడ్డ పెరిగింది

కొత్త డైరెక్టరుగారు చేతిలో కొబ్బరికాయతో, మెళ్లో పూలదండతో, కుడికాలు ముందుపెట్టి గడప దాటబోతున్న సమయానికి డాక్టర్ నీలవేణి మేడమెట్లు రెండేసి చొప్పున దిగుతూ వచ్చి, ఎదురుపడ్డ మొదటి మనిషితో, "చచ్చాయండీ! అన్నీ చచ్చాయి! ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు!" అని కేకపెట్టింది.

ఆ మొదటి మనిషే కొత్త డైరెక్టరు. ఆయన చేతిలో కాయ జారి మెట్టు మీద పడి పగిలింది. పైగా కుళ్లిన కాయ. పక్కనున్న పురోహితుడు కళ్లు మూసుకున్నాడు. సముద్రానికి ఎదురుగా కొండవాలు మీద కట్టిన ఆ కాలేయ వ్యాధుల పరిశోధనాసంస్థకి, దాని ఆసుపత్రికి, అందులో పడివున్న రోగులకి శనిదశ ఆ నిమిషానే పట్టింది. ఆయన కాయని కాస్త గట్టిగా పట్టుకుని ఉంటే నేనీ కథ చెప్పాల్సిన పని ఉండేది కాదు.

"ఎవరమ్మా చచ్చింది?" అన్నారు డైరెక్టర్ మార్తాండరావుగారు. మొహం పాలిపోయింది. ఆయన చెయ్యి ఎందుకో పొట్ట కుడివైపుకి వెళ్లింది. నీలవేణి ఆ చెయ్యి చూసింది గాని, అప్పుడు దాని సంగతి ఆలోచించే తీరికలో లేదు.

"కణాలండీ! కాలేయపు క్యాన్సర్ కణాలు. నా మందు పోస్తే అన్నీ చచ్చాయి. మంచి కణాలు మాత్రం బాగానే ఉన్నాయి."

పాపం, ఆమె సంతోషం ఆమెది. ఏళ్ల తరబడి ఆ ఒక్క పని మీదే కూర్చున్న మనిషి. ఆ పనేమిటో రెండు ముక్కల్లో చెబుతాను, కంగారు పడకండి. మన ఒంట్లో ప్రతి కణానికీ పుట్టుకతోనే ఒక బుద్ధి ఉంటుంది: పాడైపోతే పదిమందికీ భారం కాకుండా తనంతట తానే చచ్చిపోవాలని. ఆ ఆజ్ఞ దాని జన్యువుల్లో రాసే ఉంటుంది. చాలాచోట్ల క్యాన్సర్ కణం ఏం చేస్తుందంటే, ఆ రాతని చెరపదు, దాని మీద చిన్నచిన్న రసాయనపు మూతలు పెడుతుంది. అక్షరాలు అక్కడే ఉంటాయి, చదవడం మాత్రం కుదరదు. ఇహ దానికి చావన్నది తెలీదు, తిని బలిసి పిల్లల్ని పెడుతుంది. రాత మార్చకుండా చదువుని మార్చే ఈ విద్యకి చదువుకున్నవాళ్లు ఎపిజెనెటిక్ నియంత్రణ అని పేరు పెట్టారు. నీలవేణి మందు ఆ మూతలు ఊడదీస్తుంది. కణం తన ఆజ్ఞ తాను చదువుకుని, బుద్ధిగా చస్తుంది.

ఇదంతా ఆమె గుమ్మంలోనే నిలబడి చెప్పబోయింది. డైరెక్టరుగారు చెయ్యెత్తి ఆపారు.

"శుభమా అని అడుగు పెడుతుంటే ఆ నోటివెంట వచ్చే మాటేనా అది? ఈ సంస్థలో రోగులు ఎందుకు దక్కడం లేదో నాకిప్పుడు బోధపడింది. పొద్దున లేస్తే అందరి నోటా అదే మాట. పైన తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారు, తెలుసునా?"

మర్నాటికల్లా గోడలకి ఉత్తర్వు అంటించారు. దాని పేరు శుభవాచక ఉత్తర్వు. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, సంస్థ ఆవరణలో చావు, మరణము, పోవుట, రాలుట, ఆరుట, మూత, రద్దు ఇత్యాది అమంగళ పదములను ఉచ్చరించుట, వ్రాయుట, సైగ చేయుట నిషేధించడమైనది. తత్స్థానమున అనుబంధములో చూపిన మంగళ పదములనే వాడవలెను. తద్విరుద్ధముగా వర్తించువారిపై తగు శుభచర్య తీసుకొనబడును." కింద సంతకం, డాక్టర్ మార్తాండరావు. ఆ సంతకం అక్షరాలు పెద్దవి, దూరం నుంచి కూడా కనపడతాయి.

మంగళ పదాలు తయారుచెయ్యడానికి వామనమూర్తి అనే భాషాధికారిని తీసుకొచ్చారు. ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకుని ఉండే మనిషి. "మనం కొత్తగా కనిపెట్టేదేముంది? మన అమ్మమ్మలు ఎప్పుడో కనిపెట్టారు" అన్నాడాయన. "దీపం ఆరిందనేవారా? కొండెక్కిందనేవారు. బియ్యం అయిపోయాయనేవారా? నిండుకున్నాయనేవారు. పుస్తెలతాడు తెగితే తెగిందంటారా ఎవరైనా? పెరిగిందంటారు. అంత గొప్ప భాష మనది. ఇంగ్లీషువాడికి ఉందా ఇది?"

లేదు, నిజమే. వాడికి ఆ అదృష్టం లేదు.

మొదట 'కొండెక్కింది' అనే మాటని వాడుకలోకి తెచ్చారు. ఆ వారంలోనే ఒక ముసలాయన వార్డులో కన్నుమూస్తే నర్సు బయటికొచ్చి, "మీ మావయ్యగారు కొండెక్కారండీ" అంది. మేనల్లుడు నోరు తెరిచి, "ఈ ఒంట్లో కొండెలా ఎక్కాడమ్మా?" అని ఆసుపత్రి వెనక ఉన్న కొండకి అడ్డంపడి పరుగెత్తాడు. పొద్దుగూకేదాకా తుప్పలన్నీ వెతికాడు. దాంతో ఆ మాటని అనుబంధంలోంచి తీసేశారు. తీసేశారని కూడా అనకూడదు, "విశ్రాంతినిచ్చారు" అన్నారు. మిగిలినవి రెండే, 'నిండుకుంది', 'పెరిగింది'.

శవాగారం బోర్డు మార్చి 'విశ్రాంతి మందిరం' అని రాయించారు. ఎండన పడి వచ్చిన రోగుల బంధువులు చల్లగా ఉందని టిఫిను కారియర్లతో సహా లోపలికి దూరి, పులిహోర తిని, దుప్పట్లు కప్పుకుని ఉన్నవాళ్ల పక్కనే ఒక కునుకు తీశారు. ఒకావిడ నిద్రలేచి పక్కాయన్ని కాస్త జరగమని తట్టిందట. ఆ తరవాత జరిగింది నేను రాయను.

ఆఫీసులో విరిగిన కుర్చీలూ బల్లలూ రాసుకునే పుస్తకాన్ని డెడ్ స్టాక్ రిజిస్టరు అంటారు గదా, దాన్ని లైవ్ స్టాక్ రిజిస్టరు చేశారు. నెల తిరక్కముందే పశుసంవర్ధక శాఖ నుంచి ఒక వెటర్నరీ డాక్టరు టీకాల పెట్టె పట్టుకుని దిగాడు. "పశువులెక్కడ సార్?" అంటే గుమాస్తా గోడౌను తలుపు తెరిచి చూపించాడు. ఆయన కాళ్లు విరిగిన కుర్చీల వంక చాలాసేపు చూసి, "గాలికుంటు వ్యాధి ముదిరిపోయినట్టుంది" అని రాసుకుని వెళ్లాడు. వచ్చే యేడాదికి దాణా మంజూరైంది.

ప్రతి వరండాలోనూ ఒక కంచుగంట వేలాడదీసి, దానికో బంట్రోతుని కాపలా పెట్టారు. ఎవరి నోటివెంటైనా నిషిద్ధ పదం వస్తే గంట ఠంగున మోగాలి. అన్నవాళ్లు చేతులు కట్టుకుని మూడుసార్లు "శుభం" అనాలి. క్యాన్సర్ ఆసుపత్రి గనక గంటలు బాగానే మోగేవి. బయట రోడ్డు మీద పోయేవాళ్లు లోపలేదో గుడి వెలిసిందని చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకునేవారు.

ఇంతవరకూ నవ్వుకుని ఊరుకోవచ్చు. నీలవేణి కూడా నవ్వుకుంది. కానీ వార్డులో ఎర్నాయుడు ఉన్నాడు.

ఎర్నాయుడు జూట్ మిల్లు మూతబడ్డాక ఆటో నడుపుకుంటున్నవాడు. కాలేయంలో గడ్డ. కోసి తీసే దశ దాటింది. ఆ రోజు నీలవేణి డిష్‌లో, అంటే కణాల్ని పెంచే గాజుపళ్లెంలో, చచ్చినవి అతని గడ్డలోంచి తీసి పెంచిన కణాలే. అంటే మందు అతనికి పనిచేసే ఆశ ఉంది. పక్క జిల్లా పెద్దాసుపత్రిలో ఆ మందుని అప్పటికే కొందరికి పరీక్షగా ఇస్తున్నారు. అక్కడ మంచాలు లేవు. ఇక్కడ ఇవ్వాలంటే సంస్థ అనుమతి కమిటీ సరేననాలి.

అతని భార్య బంగారమ్మ రోజూ నీలవేణి దారికి అడ్డం నిలబడేది. "డాట్రమ్మా, ఆ మందేదో ఎప్పుడిత్తారు? మడిసి ఎండిపోతన్నాడు. గెంజి కూడా దిగుతనేదు."

"కమిటీ కూర్చోవాలి బంగారమ్మా. వచ్చేవారం."

"ఆలు కూకుంతే నెగుత్తారేటి తల్లీ? మా మిల్లు కమిటీ కూకుని, కూకునే మిల్లు ముంచీసినాది."

కమిటీకి పెట్టవలసిన కాగితాలు ముందుగా వామనమూర్తి చూడాలి. ఆయన శీర్షిక దగ్గరే ఆగాడు. 'కాలేయ క్యాన్సర్‌లో కణమరణంపై ఎపిజెనెటిక్ నియంత్రణ' అని ఉంది. ఎర్రసిరాతో కొట్టేసి, 'కాలేయ కర్కటమునందు కణాభ్యుదయ నియంత్రణ' అని రాశాడు.

"అభ్యుదయమేంటండీ?" అంది నీలవేణి. "క్యాన్సర్ కణానికి అభ్యుదయమైతే అదే కదండీ జబ్బు!"

"జబ్బు కూడా నిషిద్ధ పదాల జాబితాలో, అనుబంధం రెండులో ఉందమ్మా. అనకండి." ఆయన పేజీ తిప్పాడు. "ఇదేమిటి, జన్యువు మీద మూతలు పడ్డాయన్నారు? మూత నిషిద్ధం. కిరీటాలు అనండి. జన్యువు మీద కిరీటాలు పెట్టారు. ఎంత అందంగా ఉందో చూడండి. ఇక ఇక్కడ, మందు పోశాక కణాలన్నీ... సరే, ఆ మాట నేను చదవను. పెరిగాయి అని రాయండి."

"నా మందు పోస్తే క్యాన్సర్ కణాలు పెరిగాయి అని నా చేత్తో నేను రాయనండీ. రేపెవడైనా నమ్మితే?"

"ఉత్తర్వు చదివినవాళ్లకి తెలుస్తుంది కదమ్మా."

"చదవనివాళ్లకి?"

వామనమూర్తి లవంగం అటు బుగ్గ నుంచి ఇటు బుగ్గకి మార్చుకున్నాడు. ఉత్తర్వు చదవనివాళ్లు లోకంలో ఉంటారన్న ఊహ ఆయనకి అంతవరకూ తట్టినట్టు లేదు. చివరికి బేరం కుదిరింది. 'పెరిగాయి' బదులు 'నిండుకున్నాయి' అని రాసింది నీలవేణి. ఇంట్లో బియ్యం డబ్బా తెరిచిన ఏ ఆడదానికైనా అర్థమవుతుంది లెమ్మనుకుంది. కమిటీలో బియ్యం డబ్బా తెరిచినవాళ్లు ఎవరూ ఉండరని ఆమెకి తోచలేదు.

కమిటీ గురువారం మంచి ముహూర్తంలో కూర్చుంది. నీలవేణి కన్నా ముందు డాక్టర్ భుజంగం వంతు. ఆయన యకృత్సుధ అనే ఒక సిరప్ మీద చాలాకాలంగా పనిచేస్తున్నాడు. ఆయనకి మతిమరుపు ఎక్కువేగాని అబద్ధమాడే అలవాటు లేదు. ఉత్తర్వు సరిగా చదవలేదు కూడా. లేచి నిలబడి, "అయ్యా, నా మందు పోస్తే క్యాన్సర్ కణాలు పెరిగాయి. మామూలుగా కంటే బాగా పెరిగాయి. కనక..." అన్నాడు. కనక ఈ ప్రాజెక్టు ఇంతటితో ఆపించండి అని చెప్పుకోవడానికే ఆయన వచ్చాడు.

కమిటీ బల్ల చరిచింది. "పెరిగాయా! అన్నీ పెరిగాయా?"

"అన్నీ పెరిగాయండీ, అదే నా బాధ..."

"బాధ అనకండి. శుభం!" అని డైరెక్టరుగారు లేచి తన మెళ్లో దండ తీసి భుజంగం మెళ్లో వేశారు. ఆయన మెళ్లో రోజూ ఏదో ఒక దండ ఉండేది. "కర్కట కణములను సంపూర్ణముగా పెరుగునట్లు చేసిన ఈ దివ్యౌషధమును తక్షణమే రోగులకు అందజేయవలెనని కమిటీ ఏకగ్రీవముగా తీర్మానించుచున్నది. నేనూ రేపటి నుంచి పరగడుపునే పుచ్చుకుంటాను."

భుజంగం రెండుసార్లు నోరు తెరిచాడు. చప్పట్ల మోతలో ఆయన మాట ఆయనకే వినపడలేదు. దండ మెళ్లో పడ్డాక మనిషికి అభ్యంతరాలు తగ్గుతాయి. మూడోసారి నోరు తెరిచినప్పుడు ఫొటోకి నవ్వడానికే తెరిచాడు.

తరవాత నీలవేణి లేచింది. "మందు పోసిన మూడోనాటికి కణాలన్నీ నిండుకున్నాయి" అని చదివింది.

కమిటీ చల్లబడింది. పరిపాలన విభాగం జాయింట్ డైరెక్టరు ముందుకి వంగి, "నిండుకున్నాయా? అంటే డిష్ నిండానా?" అన్నాడు.

"కాదండీ, నిండుకున్నాయి. అంటే లేవు."

"నిండితే లేకపోవడమేమిటమ్మా? నిండితే ఉంటాయి కదా!"

"భాషాధికారిగారిని అడగండి" అంది నీలవేణి, పళ్లు బిగించి.

డైరెక్టరుగారు అడిగారు. వామనమూర్తి లేచి గొంతు సవరించుకున్నాడు. "నిండుకొనుట అనగా... నిండుకొనుటయే సార్. అంతకు మించి వివరించవలెనన్న నిషిద్ధ పదము వాడవలసి వచ్చును. వాడరాదు."

"అయితే ఇది మంచా, చెడా?"

"అందులో రెండో మాట అనుబంధం రెండులో ఉంది సార్."

ఇక నీలవేణి వల్ల కాలేదు. "చచ్చాయండీ!" అని అరిచింది. "చచ్చాయి! ఎర్నాయుడి గడ్డలో కణాలు చచ్చాయి, భుజంగంగారి డిష్‌లో కణాలు బతికి బలిశాయి! ఆయన చెప్పిన 'పెరిగాయి' నిజంగా పెరగడమే! చావన్న మాటకి మూతపెట్టి చదవకుండా చేసిన కణాన్నే కదండీ క్యాన్సర్ అంటాం? మీరిక్కడ గోడలకంటించిన ఉత్తర్వు చేసేదీ అదే పని!"

చావు, మూత కలిపి ఎన్నిసార్లన్నదో బంట్రోతుకి లెక్క దొరకలేదు. అందుకని గంట ఆపకుండా కొట్టాడు. గంట మోతలోనే ఆమె దరఖాస్తుని పక్కన పెట్టారు. ఆమె మీద శుభచర్య తీసుకున్నారు. వామనమూర్తి దగ్గర శుభవాచక శిక్షణకి రోజూ పొద్దున హాజరై, ఖాళీ గ్లాసు చూసి "నిండుకుంది" అని, తెగిన దారం చూసి "పెరిగింది" అని చెప్పాలి. ఆమె చెప్పలేదు. ఊరికే కిటికీలోంచి సముద్రం వంక చూస్తూ కూర్చునేది. శుభం పలకరా ఎంకన్నా అని ఎవరో ఒకర్ని బతిమాలడం మన వూళ్లలో ఉన్నదే. అయితే ఆ ఎంకన్న మాట నిజమని తేలితే ఏం చెయ్యాలో మాత్రం ఏ సామెతలోనూ లేదు.

ఎర్నాయుడికి యకృత్సుధ మొదలుపెట్టారు. మూడు వారాలకి స్కాను తీశారు. స్కాను బొమ్మలో నల్లమచ్చ కనిపించడం అమంగళం గనక, రేడియాలజీవాళ్లు బొమ్మలివ్వడం మానేసి ఒక ముక్క మాత్రం రాసిచ్చేవారు. ఎర్నాయుడి కాగితం మీద 'గడ్డ పెరిగింది. శుభం' అని ఉంది.

సంస్థ సంబరాలు చేసుకుంది. మొట్టమొదటి విజయం. వార్డుకి మామిడాకులు కట్టారు. ఎర్నాయుణ్ని ఇద్దరు పట్టుకుని కుర్చీలో కూచోబెట్టి దండ వేశారు. దండ బరువుకి మెడ వాలిపోయింది. నోట్లో లడ్డూ ముక్క పెడితే మింగలేక చేతిలోకి తీసుకున్నాడు. డైరెక్టరుగారు అతని భుజం మీద చెయ్యి వేసి, "ఎర్నాయుడుగారి గడ్డ పెరిగింది. రేపు నా..." అని ఎందుకో మధ్యలో ఆగి, "రేపు అందరివీ పెరగాలి" అని ముగించారు.

బంగారమ్మ ఆ సాయంత్రమే నీలవేణి చెయ్యి పట్టుకుని గేటు బయట టీకొట్టు దగ్గరికి లాక్కుపోయింది. గేటు దాటితే ఉత్తర్వు చెల్లదు.

"డాట్రమ్మా, నీకు దణ్ణవెడతాను, నిజం సెప్పు. ఆలంతా నవ్వుతన్నారు, లడ్డూలెడతన్నారు. నా మొగుడు సూత్తే నెగనేకపోతన్నాడు. గెడ్డ పెరిగిందంతన్నారు. పెరిగితే లడ్డూలేటి?"

నీలవేణికి దుఃఖం ముంచుకొచ్చింది. ఇన్నాళ్లూ ఒక్క తిన్నని ప్రశ్న ఎవరూ అడగలేదు. "వాళ్లు చచ్చిందనుకుంటున్నారు బంగారమ్మా. చావలేదు. మనిషిని చూస్తేనే తెలుస్తోంది, నిజంగానే పెరిగింది. ఆ సిరప్ పారబొయ్యి. రేపు పొద్దున్నే పక్క జిల్లా పెద్దాసుపత్రికి తీసుకెళ్లు. నేను మంచం అడుగుతాను. కాళ్లు పట్టుకునైనా అడుగుతాను. నా మందు అక్కడుంది."

"మరి ఈలకి ఏటని సెప్పీది?"

"వెళ్లొస్తామని చెప్పు. ఆ మాట అనుబంధంలో మంగళపదమే."

ఎర్నాయుడు అలా దండతోనే వెళ్లాడు. నీలవేణి నిజంగానే అక్కడి డాక్టరుకి రోజూ ఫోను చేసి ప్రాణం తీసింది. మంచం దొరికింది. మందు మొదలైంది. ఆపైన ఎదురుచూడ్డమే. ఆ రోజుల్లో ఆమెకి అన్నం సయించలేదు. శిక్షణ తరగతిలో వామనమూర్తి తెగిన దారం చూపిస్తుంటే ఆమె కళ్లముందు మెడ వాలిపోయిన ఎర్నాయుడే కనపడేవాడు.

రెండు నెలలయ్యాక ఒక మధ్యాహ్నం వరండాలో నడుస్తుండగా ఫోను మోగింది. బంగారమ్మ. ఆమె గొంతుకి స్పీకరు అక్కర్లేదు. "డాట్రమ్మా! సచ్చిపోతందంట! గెడ్డ సగానికి సగం సచ్చిపోనాదంట! బొమ్మ కూడా సూపించినారు! ఇయాల అన్నం తిన్నాడు తల్లీ, ఉల్లిపాయ నంజుకుని తిన్నాడు!"

గంట ఠంగున మోగింది. నీలవేణి గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బంట్రోతు "శుభం అనండమ్మా" అన్నాడు. ఈసారి ఆమె మనస్ఫూర్తిగా మూడుసార్లు అంది.

ఎదురుగా ఉన్న గది తలుపు తెరుచుకుంది. గుమ్మంలో డైరెక్టరుగారు నిలబడి ఉన్నారు. చెయ్యి పొట్ట కుడివైపున ఉంది. లోపలికి పిలిచి, తలుపు వేసి, సొరుగులోంచి ఒక కాగితం తీశారు.

"ఇక్కడికి రాకముందే ఉందమ్మా" అన్నారు. గొంతులో ఉత్తర్వు భాష లేదు. "కాలేయంలో. చింతగింజంత. చూస్తూ ఉందామన్నారు. ఇక్కడ చేరిన రోజు గుమ్మంలో మీరన్న మాట విని నా గుండె జారిపోయింది. ఆ మాట వినపడకుండా ఉంటే చాలనుకున్నాను. సిరప్ రోజూ తాగుతున్నాను. నిన్న స్కాను తీయించుకున్నాను." కాగితం మీద 'గడ్డ పెరిగింది. శుభం' అని ఉంది. "రేడియాలజీవాణ్ని పిలిచి అడిగితే శుభం సార్ అంటున్నాడు. బొమ్మ చూపించరా అంటే ఉత్తర్వు చూపిస్తున్నాడు."

నీలవేణికి జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఒక మనిషి భయానికి ఇంత ఆసుపత్రి నోరు కుట్టించుకుందా! "బొమ్మ చూడందే నేనేమీ చెప్పలేను సార్. పెద్దాసుపత్రికి వెళదాం పదండి. ముందు ఆ ఉత్తర్వు తీయించండి, ఇంకా వార్డు నిండా మనుషులున్నారు."

ఆయన అప్పటికప్పుడు తలుపు తీసి వామనమూర్తిని పిలిచి, "ఆ ఉత్తర్వుని రద్దు..." అన్నారు. గంట మోగింది. ఆయన మూడుసార్లు శుభం అని, "రాసి పట్రావయ్యా, సంతకం పెడతాను" అన్నారు.

వామనమూర్తి కూర్చున్నాడు. రద్దు అనరాదు. ముగిసినది అనరాదు. ఎత్తివేయడమైనది అనరాదు, ఎత్తివేతలో శవం ధ్వనిస్తుంది. తెగిన తాడుకి ఏ మాటో ఆ మాటే దీనికీ అని తేల్చుకుని, 'శుభవాచక ఉత్తర్వు ఈనాటితో పెరిగినది' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. డైరెక్టరుగారు కంగారులో చదవకుండా సంతకం చేశారు. కాగితం పై ఆఫీసుకి వెళ్లింది. ఉత్తర్వు పెరిగినదంటే పరిధి పెరిగినదన్నమాట అని పై ఆఫీసు అర్థం చేసుకుంది. మంచి పనికి ఆలస్యమెందుకని అన్ని జిల్లాల ఆసుపత్రులకీ గంటలతో సహా పంపించింది.

కొన్ని వారాలకి స్కాను వంతు దొరికి డైరెక్టరుగారూ నీలవేణీ పెద్దాసుపత్రికి చేరేసరికి, అక్కడ గోడలకంటించిన ఉత్తర్వు జిగురు తడి ఇంకా ఆరలేదు. వరండాలో కొత్త కంచుగంట తళతళలాడుతోంది. బెంచీ మీద బంగారమ్మ ఎర్నాయుడికి పెరుగన్నం తినిపిస్తోంది. నీలవేణిని చూడగానే లేచి, "సగం కాదు తల్లీ, ముప్పాతిక సచ్చింది!" అంది. గంట మోగింది. బంగారమ్మ గంట వంక చూసి, "ఇక్కడికీ దాపురించిందేటి ఈ దరిద్రం?" అని మళ్లీ కూర్చుని ముద్ద కలిపింది.

లోపల కుర్రడాక్టరు డైరెక్టరుగారికి అప్పుడే తీయించిన స్కాను బొమ్మని వెలుతురుకెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత గోడ వంక చూసి, గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడ్డ బంట్రోతు వంక చూసి, బొమ్మ కిందికి దించాడు.

"శుభం సార్" అన్నాడు. "పెరిగింది."

డైరెక్టరుగారు కుర్చీ అంచుకి జరిగారు. "పెరిగిందంటే... పెరిగిందనా, పెరిగిందనా?"

కుర్రడాక్టరు ఇబ్బందిగా నవ్వాడు. "ఉత్తర్వు మీద సంతకం తమరిదే కదండీ. అర్థం తమరే సెలవివ్వాలి."

ఆయన నీలవేణి వంక తిరిగారు. పెద్ద మనిషి, కళ్లనిండా నీళ్లు. నీలవేణి బొమ్మ అందుకుని చూసింది. చింతగింజ బత్తాయంతయింది. దాని చుట్టూ చిన్నచిన్నవి చాలా ఉన్నాయి. నెలల తరబడి ఈయన్ని అనాలనుకున్న మాటలన్నీ ఆమెకి ఆ క్షణాన అక్కర్లేనివయ్యాయి. ఈయన్ని ఇంకా మోసం చెయ్యడం తన వల్ల కాదనుకుంది. ఆయన పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుంది.

"మీ గడ్డ నిక్షేపంగా ఉంది సార్" అంది. "ఆయురారోగ్యాలతో, పిల్లాపాపలతో చల్లగా ఉంది."

ఆ మాటల్లో అశుభమైనది ఒక్కటీ లేదు. గుమ్మంలో బంట్రోతు గంట కొట్టలేదు.